నెల్లూరు ఆక్సిజన్ ప్లాంటు మరమ్మతు: నౌకాదళ సాయం కోరిన లేఖ ఏ కార్యాలయంలో దొరుకుతుంది?

ఏళ్ల తరబడి మూతపడి ఉన్న నెల్లూరు క్రయోజెనిక్ (గాలిని అతిగా చల్లబరిచి ఆక్సిజన్‌ను వేరుచేసే) ఆక్సిజన్ ప్లాంటును కరోనా రెండో దశలో, 2021లో, విశాఖ నేవల్ డాక్‌యార్డు నిపుణులు వచ్చి బాగుచేశారు. అడాప్టర్లు మార్చి, ఆక్సిజన్ ఉష్ణోగ్రతను మైనస్ 186 డిగ్రీలకు తెచ్చి, రోజుకు 400 జంబో సిలిండర్లు నింపగల ఆ ప్లాంటును మళ్లీ నడిపించారని రక్షణ శాఖ ప్రకటనలో చదివాను. విపత్తులో పౌర యంత్రాంగం సైనిక దళాలను ఏ పద్ధతిలో పిలుస్తుందన్న అంశంపై వ్యాసం రాస్తున్నందున, ఆ సాయం కోరిన అసలు లేఖ నకలు నాకు కావాలి. సమాచార హక్కు చట్టం కింద ఒక జిల్లా స్థాయి కార్యాలయానికి దరఖాస్తు చేస్తే, అది తమ రికార్డుల్లో లేదని ఏకవాక్య జవాబు వచ్చింది. సెక్షన్ 6(3) ప్రకారం సంబంధిత కార్యాలయానికి బదిలీ చేయవలసి ఉన్నా, అదీ చేయలేదు. పాత పత్రికల్లో మరమ్మతు వార్త ఉంది గాని, ఎవరు ఎవరికి రాశారో లేదు. అప్పీలుకు వెళ్లడం కన్నా సరైన చోటుకు కొత్త దరఖాస్తు పెట్టడమే మేలనిపిస్తోంది. ఇటువంటి లేఖ రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ, విపత్తు నిర్వహణ సంస్థ, విశాఖ కేంద్రంగా ఉన్న తూర్పు నౌకాదళ కమాండ్‌లలో ఎవరి వద్ద ఉంటుందో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?