బాలింతల ఇళ్ల నుంచి పిలుపులు లేవు, ఈ రెండు నెలలు ఏం నేర్చుకోవాలి?

మిర్యాలగూడ సిస్టరమ్మ:
అందరికీ నమస్తే. నేను ఏఎన్ఎం చదివాను. ఒక నర్సింగ్ హోమ్‌లో ఆరేళ్లు చేసి మానేశాను. నాలుగేళ్లుగా బాలింతల ఇళ్లకు వెళ్లి తల్లిని, పసిబిడ్డను చూసుకుంటున్నా. నీళ్లు పోయడం, పాలు పట్టించడం, రాత్రి మేలుకొని ఉండడం అన్నీ నావే. ఉగాది దాటినప్పటి నుంచి ఒక్క ఫోన్ లేదు. "ఆషాఢంలో కొత్త కోడళ్లు పుట్టింట్లో ఉంటారు, ఇక చైత్ర వైశాఖాల్లో పురుళ్లు ఎక్కడివే?" అంటుంది మా అత్తమ్మ. ఆమె లెక్క నిజమో కాదో గానీ ఇంటి కిరాయి మాత్రం ఆగదు.

హైదరాబాద్‌లో ఒకచోట నెల రోజుల కోర్సు ఉందట. 18,000 అడుగుతున్నారు, సర్టిఫికెట్ ఇస్తారట. కట్టమంటారా?

అసలు నా బాధ ఇంకోటి. మొన్న మాఘమాసంలో ఒక ఇంట్లో తొమ్మిది రోజుల పాప. నాయనమ్మ నూనె గిన్నె తెచ్చి ముక్కులో రెండు చుక్కలు వేయమంది. వేయకూడదని నాకు తెలుసు. ఆమె చూపుకు నోరు పెగల్లేదు, వేశాను. పాప రాత్రంతా దగ్గింది, గొంతులో గురగుర. తెల్లారి పిల్లల డాక్టర్ ఆ తల్లి ముందరే నన్ను తిట్టాడు. పాపకు తగ్గిపోయింది, నాకు పైసలు పూర్తిగా ఇచ్చారు. కానీ ఆ వీధి నుంచి మళ్లీ పిలుపు రాలేదు. ఇది ఏ కోర్సులో నేర్పుతారు?

పాలమూరు నైట్ డ్యూటీ:
చెల్లె, నేను పదకొండేళ్లుగా ఎస్ఎన్‌సీయూలో, అంటే సర్కారు దవాఖానాలో జబ్బు చేసిన పసికందుల వార్డులో, స్టాఫ్ నర్సును. పైసలు కట్టే ముందు ఒక్కటి అడుగు: ఎన్ని రోజులు నిజం పిల్లల దగ్గర నిలబెడతారు? మాకిచ్చే శిక్షణలో తరగతులు నాలుగు రోజులే. తర్వాత రెండు వారాలు పెద్ద యూనిట్‌లో ఉండి చూసి నేర్చుకోవాలి. ప్రొజెక్టర్ మీద చూసింది చేతికి రాదు.

మా వార్మర్లు, బిడ్డను వెచ్చగా ఉంచే పడకలు, ఖాళీగా ఉండే రాత్రులు తక్కువ. ఉన్నప్పుడు సాధన చేసే బొమ్మను తీసి అంబు బ్యాగ్ (మాస్క్ పెట్టి చేత్తో పిండి ఊపిరి అందించే సంచి) పిండుతాం. పుట్టి ఊపిరి తీయని బిడ్డకు మొదటి నిమిషంలోనే బ్యాగ్‌తో శ్వాస మొదలుపెట్టాలి, నిమిషానికి 40 నుంచి 60 సార్లు. అలవాటు తప్పితే మాస్క్ సర్దుకోవడానికే ఆ నిమిషం పోతుంది. ఇళ్లలో నీకు బ్యాగ్ పని పడదు, లెక్క పని పడుతుంది. బిడ్డ పొట్ట చూస్తూ ఫోన్‌లో నిమిషం పెట్టుకొని ఊపిరి లెక్కపెట్టు. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించకు. పసివాళ్లు ఊపిరి ఆగి ఆగి తీస్తారు, లెక్క తప్పుతుంది. 60 లేదా ఎక్కువ వస్తే ఇంకోసారి చూడు. మళ్లీ అంతే వస్తే ఆటో ఎక్కడమే.

చంకలో థర్మామీటర్ పెట్టడం కూడా రోజూ చెయ్యి. 97.7 నుంచి 99.5 డిగ్రీలు ఉండాలి. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లబడ్డాయంటే బిడ్డకు చలి మొదలైనట్టే. తల్లి ఎదకు చర్మం తగిలేలా వేసి పైన కప్పు. ఎండాకాలమే కదా అనుకోకు, కూలర్ నేరుగా తగిలే ఇళ్లు నేను చూశాను.

అచ్చంపేట ఆశా:
అక్కా, ముక్కులో నూనె సంగతి నేను చెప్తా. మేం ఆశా కార్యకర్తలం, కాన్పయ్యాక 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి పోతాం, కాన్పు ఇంట్లోనే అయితే మొదటి రోజు కూడా. బొడ్డుకు పసుపు, నాలుకకు తేనె, కళ్లకు కాటుక అన్నీ చూశాను. మొదట్లో చార్టు తీసి ఉపన్యాసం ఇచ్చేదాన్ని. నేను గడప దాటగానే అవ్వ మళ్లీ పూసేది.

ఇప్పుడు "వద్దు" అని మొదలుపెట్టను. "అవ్వా, నీ చెయ్యి మెత్తన, ఆ నూనె కాళ్లకు రాయి, ముక్కు సంగతి నేను చూసుకుంటా" అంటా. చేతికి పని దొరికితే ఆమెకు కోపం రాదు. బొడ్డుకైతే ఆమెనే కాపలా పెడతా: "ఏమీ పూయకుండా పొడిగా ఉంచుదాం. చుట్టూ ఎర్రబడినా చీము కనబడినా నాకు ఫోన్ చెయ్యి." ఇక ఎవరినీ ముట్టనియ్యదు! ఖాళీగానే ఉన్నావుగా, మీ అత్తమ్మను ఆ నాయనమ్మలాగా కూర్చోబెట్టి మాట్లాడటం నేర్చుకో.

నల్లగొండ, పాపకు ఏడో నెల:
పని ఇచ్చిన దాన్నిగా చెప్తున్నా. మా ఇంటికి వచ్చినామెను సర్టిఫికెట్ ఎవరం అడగలేదు. రాగానే గాజులు తీసి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంది, మా అమ్మకు అక్కడే నచ్చేసింది. ఒక రూళ్ల నోట్‌బుక్‌లో పాలు ఎన్నిసార్లు, మూత్రం ఎన్నిసార్లు అని రాసేది. ఆరో రోజు "తడి బట్టలు మూడే అయ్యాయమ్మా, ఆరైనా కావాలి" అని తనే చెప్పి, పాపను రొమ్ముకు పట్టించే తీరు మార్చింది. ఇప్పటికి నలుగురికి ఆమె నంబర్ ఇచ్చాను.

మిర్యాలగూడ సిస్టరమ్మ:
అందరికీ థ్యాంక్స్. నోట్‌బుక్ కొన్నా. కింది పోర్షన్‌లో ఇరవై రోజుల బాబు ఉన్నాడు, వాళ్లమ్మను అడిగి ఊపిరి లెక్కపెట్టా. మొదటిసారి 63, గుండె జారింది. అప్పుడే ఏడ్చి ఆపాడు మరి. నిద్రపోయాక చూస్తే 46.

అత్తమ్మను కూర్చోబెడితే ఆమె అసలు నాయనమ్మ కన్నా గట్టిది. "నా కొడుకు ముక్కులో నేను పోయలేదా, వాడు బతకలేదా?" అని మొదలుపెట్టింది. కాళ్లకు రాయమంటే మాత్రం గిన్నె తీసుకుంది.

కోర్సు వాళ్లకు ఫోన్ చేసి, పిల్లల దగ్గర ఎన్ని రోజులు నిలబెడతారని అడిగా. "మేడం, వీడియోలు ఉంటాయి" అన్నారు.