హాప్స్ తోటకు డ్రిప్‌లో నత్రజని ఎప్పుడు ఆపాలి?

అందరికీ నమస్తే. మాది గుంటూరు వైపు. వాషింగ్టన్ రాష్ట్రం యాకిమా లోయలో హాప్స్ (బీరు తయారీలో వాడే తీగ పంట) తోటలో పనికి చేరి ఇది రెండో ఏడు. మిరపకు డ్రిప్‌లో యూరియా వదిలిన అలవాటుంది గానీ ఈ పంట నాకు కొత్త.

మాది కాస్కేడ్ రకం. మే మొదట్లో తీగల్ని తాళ్లకు ఎక్కించాం. ఇప్పుడు జూన్ మూడో వారం, 18 అడుగుల ఎత్తులోని పై వైరును అందుకోబోతున్నాయి. యూఏఎన్-32 (యూరియా, అమ్మోనియం నైట్రేట్ కలిసిన ద్రవ ఎరువు) వారానికోసారి డ్రిప్‌లో వదులుతున్నాం. ఎకరాకు ఇప్పటికి 90 పౌండ్ల నత్రజని వెళ్లింది.

పోయినేడు జులై నెలాఖరు దాకా ఇస్తూనే పోయాం. తోట నల్లగా నిగనిగలాడుతుంటే మురిసిపోయాం కూడా. ఆగస్టులో ఆకు తిప్పి చూస్తే అడుగున సాలెగూడు లాంటి సన్నటి దారాలు, వాటి నిండా నల్లి! పక్క కొమ్మలకు బూడిద తెగులు వేరే.

ఈసారి పూతకు ముందే, జులై మొదటి వారంలో ఆపేద్దామని నేనంటున్నా. కోన్ల (కోతకొచ్చే హాప్స్ పూల) బరువు తగ్గుతుందని మా మేనేజర్‌కు టెన్షన్. నేల ఇసుక పాలు ఎక్కువ. ఒక్కసారిగా ఆపాలా, మోతాదు తగ్గిస్తూ రావాలా? ఆకు తొడిమల్లో నైట్రేట్ పరీక్ష చేయించి నిర్ణయించేవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఏ ఎత్తులో ఆకులు కోస్తారు?