అల్లూరి ఎవరి మీద పితూరీ చెప్పాడు?

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. మొన్న రాత్రి సోషల్ పుస్తకం ముందేసుకుని కూర్చుని, "నాన్నా, అల్లూరి ఎవరి మీద పితూరీ చెప్పాడు?" అంది. నవ్వేశాను. తర్వాత పుస్తకం తీసి చూస్తే నిజంగానే 'రంప పితూరీ' అని ఉంది. మా ఇంట్లో పితూరీ అంటే దాని చెల్లెలు రోజుకు పదిసార్లు వాళ్లమ్మ దగ్గరికి మోసుకెళ్లేది. పోలీస్ స్టేషన్లు కొల్లగొట్టి, 26 ఏళ్లకే తూటాలకు బలైన మనిషి చేసిన పనికీ దీనికీ ఒకటే మాట ఎలా వచ్చింది? అసలు ఇవి రెండు వేరు మాటలా? పెద్దలెవరైనా చెప్పండి. రేపటికల్లా జవాబు చెప్పకపోతే నా పరువు పోతుంది.

*హైదరాబాద్ నుంచి ఒకరు:*
ఒకటే మాటండీ. మా వైపు ఇంకా అసలు రూపంలోనే ఉంది. "దిమాక్‌ల ఏం ఫితూర్ పుట్టింది రా నీకు" అంటాం. అరబీలో ఫుతూర్ అంటే నీరసం, సడలిపోవడం. ఉర్దూకి వచ్చేసరికి లోపం, గడబిడ, చిచ్చు అయింది. ఫిరంగిని పిరంగి, ఫకీరును పకీరు చేసిన నోళ్లే ఫితూరీని పితూరీ చేశాయి. రాజ్యంలో చిచ్చు పెడితే తిరుగుబాటు, ఇంట్లో చిచ్చు పెడితే చాడీ. నా లెక్క ఇంతే.

*మరొకరు:*
పేపర్లో "అధిష్ఠానానికి పితూరీలు" అన్న హెడ్డింగ్ చూసినప్పుడల్లా ఇక రంప గుర్తొస్తుంది. చెడగొట్టారు.

*నర్సీపట్నం మాస్టారు:*
బాబూ, కొయ్యూరు, కృష్ణదేవిపేట వైపు బడుల్లో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిక పట్టండి.

మన్యంలో పితూరీ ఒక్కటి కాదు. 1879లో లేచింది రంప పితూరీ. 1915-16లో లాగరాయి పితూరీ. అల్లూరి సీతారామరాజు నడిపింది 1922 ఆగస్టు నుంచి. దీన్ని కూడా రంప పితూరీ అనేస్తారు గానీ ఇది ముఖ్యంగా సాగింది గూడెం కొండల్లో. మీ పుస్తకం రాసినవాళ్లు పాత పేరునే కొత్తదానికి తగిలించినట్టున్నారు. ఇంగ్లీషు రిపోర్టుల్లో కూడా ఈ మాటకు అనువాదం వెతుక్కోలేదు, 'ఫితూరీ' అనే రాసుకున్నారు. అందులో దిగినవాడు 'ఫితూరీదారు'. జమీందారు, తహసీల్దారు లాగా ఇదీ ఒక ఉద్యోగమైనట్టు!

ఇక మీ అమ్మాయి ప్రశ్న. అందులో పెద్ద తప్పేమీ లేదు. గూడెంలో బాస్టియన్ అని ఒక డిప్యూటీ తహసీల్దారు ఉండేవాడు. నర్సీపట్నం నుంచి చింతపల్లి వెళ్లే ఘాట్ రోడ్డు పనికి కొండవాళ్లను బలవంతంగా తోలాడు, కూలి సరిగ్గా ఇవ్వలేదు. అప్పటికే అడవి చట్టం వచ్చి పోడు కొట్టుకోనివ్వడం లేదు, కట్టెపుల్ల ముట్టుకుంటే కేసు. బాస్టియన్ మీద పైవాళ్లకు ఫిర్యాదులు వెళ్లాయి. ఏమీ కాలేదు. మన ఇళ్లల్లో వాడే అర్థంలో చూస్తే, ముందు వెళ్లింది ఆ పితూరీ. అది ఎవరూ వినలేదు. ఆ తర్వాత లేచింది రెండో పితూరీ.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజులు, మూడు స్టేషన్లు, 26 తుపాకులు. చింతపల్లిలో ఏమేం పట్టుకెళ్తున్నదీ స్టేషన్ రికార్డులోనే రాసి, కింద సంతకం చేసి మరీ వెళ్లాడు రాజు. పిల్లలకు ఈ ముక్క చెప్పినప్పుడు క్లాసు నిశ్శబ్దమైపోయేది. చాటుగా చెవిలో ఊదే పితూరీకి సంతకం ఉండదు కదా. ఫలానా చోటికి వస్తున్నానని బాణానికి ఉత్తరం, మిరపకాయలు కట్టి ముందే పంపేవాడని మా వైపు చెప్పుకుంటారు. దాని పేరు మిరపకాయ టపా.

*గుంటూరు నుంచి ఒకరు:*
మాస్టారూ, నమస్కారం. నాదొక అభ్యంతరం. పితూరీ అన్నది సర్కారు కచేరీలో పుట్టిన మాట. పాలించేవాడి కంటికి చిచ్చు గనక చిచ్చు అన్నాడు. స్వాతంత్ర్యం కోసం పోయిన కుర్రాళ్ల గురించి మన పిల్లలు అదే మాట చదవాలా? 'మన్యం విప్లవం' అంటే సరిపోతుంది. పాఠంలోంచి పితూరీ తీసేయాలి.

*నర్సీపట్నం మాస్టారు:*
తమ్ముడూ, మీ బాధ అర్థమైంది. విప్లవం తప్పు అనను, నేనూ వాడతాను. కానీ దాని పుట్టుక చూశారా? 'ప్లవ' అంటే తేలడం. మొన్న 2021లో వచ్చిన ఉగాది పేరు కూడా ప్లవే. విప్లవం అంటే సంస్కృతంలో వరద ముంచెత్తడం, ఉపద్రవం, రాజ్యంలో కల్లోలం. ఆ మాటను భయపడుతూ వాడినవాళ్లూ సింహాసనం మీద కూర్చున్నవాళ్లే. దాన్ని మనం ఎత్తుకుని జెండాకు కట్టుకున్నాం. పితూరీకి ఆ అదృష్టం పట్టలేదు, మైదానంలో చాడీగా మిగిలిపోయింది. అది మాట తప్పు కాదు.

పైగా పితూరీ తీసేస్తే ముఠా కూడా తీసేయాలి. పట్నం పిల్లలకు ముఠా అంటే దొంగల గుంపు. మన్యంలో ముఠా అంటే కొన్ని ఊళ్లు కలిపిన ఒక పాలన. దాని శిస్తు వసూలు చేసి కట్టేవాడు ముఠాదారు, ఆ ఊళ్లకు పెద్ద. ఈ ముఠాదార్ల హక్కులు ఒక్కొక్కటే ఊడబెరకడం కూడా పితూరీలకు ఒక కారణం. ఇది తెలియకుండా 'ముఠాదారు' అని చదివితే మన వీరుడే విలన్ అయిపోతాడు.

దొర సంగతీ అంతే. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల ఆఫీసర్లు చనిపోయారు. వాళ్లను జనం దొరలనేవాళ్లు. ఇటు రాజు పక్కన ఉన్నదేమో బట్టిపనుకుల అన్నదమ్ములు గాం గంటం దొర, మల్లు దొర. ఇద్దరూ కొండబిడ్డలే. దొరలకూ దొరలకూ జరిగిన యుద్ధం అని నేను క్లాసులో జోక్ వేసేవాణ్ణి. పిల్లలు నవ్వేవాళ్లు కాదు గానీ మాట గుర్తుండేది.

*రాజమండ్రి నుంచి ఒకావిడ:*
మాస్టారు గారూ, 1879 గురించి ఒక ముక్క కలుపుతాను. అప్పుడు కొండవాళ్లను రెచ్చగొట్టిన పన్ను పేరు చిగురుపన్ను. ఎంత ముద్దొచ్చే పేరో చూడండి! తాటిచెట్టుకు, జీలుగుచెట్టుకు కల్లు గీసుకున్నందుకు పన్ను. దాని మీద మళ్లీ మొదలుపన్ను. చిగురు మీదా మొదలు మీదా వేశాక ఇక చెట్టులో ఏం మిగిలింది? ఆ పితూరీలో ముందు నిలిచిన తమ్మన్న దొర మరుసటి ఏడే పోలీసుల చేతిలో చనిపోయాడు. ఆయన పేరు మీ పుస్తకంలో ఉందా బాబూ?

*మొదట అడిగినవారు:*
లేదండీ. ఇప్పుడే వెతికాను.

*రాజమండ్రి నుంచి ఒకావిడ:*
అనుకున్నాను. ఇంకొకటి, దీనికి భాషతో సంబంధం లేదు, ఊరికే. రాజు పోయింది 1924 మే 7. పంచాంగం లెక్కలో రక్తాక్షి. అంతకుముందు ఏడు రుధిరోద్గారి. అరవైలో ఈ రెండు పేర్లూ పక్కపక్కన ఉంటాయని తెలుసు గానీ, ఆ రెండేళ్లూ మన్యంలో ఇలా గడిచాయని నాకు ఇవాళే తట్టింది.

*గుంటూరు నుంచి ఒకరు:*
సరే మాస్టారూ, ఒప్పుకుంటాను. కానీ పాఠం కింద ఒక్క వాక్యమైనా ఉండాలి, పితూరీ అంటే ఇక్కడ తిరుగుబాటు అని. లేకపోతే ప్రతి ఇంట్లోనూ ఇదే ప్రశ్న వస్తుంది.

*నర్సీపట్నం మాస్టారు:*
అది ఉండాల్సిందే. నేనైతే వాక్యం రాయించేవాణ్ణి కాదు, మ్యాపు గీయించేవాణ్ణి. రాజును మంప దగ్గర పట్టుకున్నారు, కొయ్యూరు తీసుకొచ్చారు. విచారణ లేదు, కోర్టు లేదు, మేజర్ గుడాల్ ఆధ్వర్యంలో చెట్టుకు కట్టి కాల్చేశారు. కృష్ణదేవిపేటలో సమాధి ఉంది. చింతపల్లి స్టేషన్ నుంచి ఆ సమాధి దాకా వేలు పెట్టి చూపిస్తే ఏ అర్థం ఏదో పిల్లలే చెప్పేస్తారు. మరుసటి నెలలో గంటం దొరనూ కాల్చారు. మల్లు దొర మాత్రం జైలు శిక్ష అనుభవించి బయటికొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లాడు. ఫితూరీదారు అని రాసుకున్న సర్కారు పోయింది, ఆయన ఎంపీ అయ్యాడు.

*మొదట అడిగినవారు:*
అందరికీ థాంక్స్. రాత్రి అమ్మాయికి ఇదంతా చదివి వినిపించాను. బాస్టియన్ దగ్గర ఆపి, "అయితే ముందు నిజంగానే పితూరీ వెళ్లింది. నేను తప్పు అడగలేదు" అని మా ఆవిడకు కూడా వినబడేలా చెప్పింది. చెల్లెలు పక్కనే పడుకుని అంతా వినింది. పొద్దున్నే నోట్‌బుక్‌లోంచి కాగితం చింపి, అక్క తన పెన్సిల్ బాక్స్ తీసుకుందని రాసి, కింద సంతకం పెట్టి వాళ్లమ్మకు ఇచ్చింది.