'గెట్' అనే క్రియని కుర్రాళ్ళకి ఎలా వివరించాలి?

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. బస్టాండ్ దగ్గర లాడ్జీల్లో పనిచేసే కుర్రాళ్ళకి సాయంత్రాలు స్పోకెన్ ఇంగ్లీష్ చెప్తుంటాను. వేరే రాష్ట్రాల యాత్రికులతో మాట్లాడాలంటే వాళ్ళకిది చాలా అవసరం.

'గెట్' దగ్గర ఆగిపోయాం. 'గెట్ ఎ టికెట్' అంటే తీసుకోవడం, 'గెట్ వెట్' అంటే తడవడం, 'గెట్ టు అలిపిరి' అంటే చేరుకోవడం. ఇంతవరకు బాగానే పట్టుకున్నారు. 'గెట్'కి మూడో రూపంగా 'గాటెన్' అనడం అమెరికా వాడుక కాబట్టి దాన్ని ప్రస్తుతానికి వదిలేశాను.

అసలు చిక్కు ఇక్కడ. కల్యాణకట్టలో గుండు చేయించుకున్నవాళ్ళు 'ఐ షేవ్డ్ మై హెడ్' అంటే తామే గీసుకున్నట్టు వినిపిస్తుంది కదా. అందుకే 'ఐ గాట్ మై హెడ్ షేవ్డ్' అనమన్నాను. మన 'చేయించుకోవడం'తో కలిపి చెప్తే వెంటనే అర్థమైంది. కానీ 'ఐ హ్యాడ్ మై హెడ్ షేవ్డ్' అని కూడా విన్నానని ఒకబ్బాయి అడిగాడు. రెండూ ఒప్పే. మరి మాట్లాడేటప్పుడు ఏది ఎక్కడ సహజంగా ఉంటుంది?

ఇంకొకటి, బస్సుకి 'గెట్ ఆన్', ఆటోకి 'గెట్ ఇన్' అంటాం. ఇది గుర్తుండేలా చెప్పే తేలికైన పద్ధతి ఏదైనా ఉందా? పాపం రోజంతా పనిచేసి వస్తారు, వాళ్ళచేత బట్టీ పట్టించడం నాకిష్టం లేదు. ఇంగ్లీష్ చెప్పే అనుభవం ఉన్నవాళ్ళు దయచేసి చెప్పండి.