కిట్ కారు ఛాసిస్: గొట్టం మార్చేటప్పుడు కొలతలు తప్పకుండా చూసేదెలా?

లోటస్ సెవెన్ అనే చిన్న బ్రిటిష్ స్పోర్ట్స్ కారు తరహాలో చదరపు ఉక్కు గొట్టాలతో కట్టిన పాత కిట్ కారును (విడిభాగాలుగా కొని సొంతంగా కట్టుకునే కారు) ఇంట్లోనే విప్పి మళ్లీ కడుతున్నాను. ఇంజిన్, బాడీ తీసేశాను. పౌడర్ కోటింగ్ (పొడి రంగు పూత) కింద తుప్పు దాగి ఉంది. సుత్తితో తడితే, ముందు ఎడమవైపు కింది విష్‌బోన్ (చక్రాన్ని ఫ్రేముకు కలిపే చేయి) బ్రాకెట్ ఉన్న గొట్టం లోపలికి నొక్కుకుపోయింది. మిగతావి గట్టిగానే ఉన్నాయి, అదే ఊరట.

ఆ గొట్టాన్ని కోసి కొత్తది వేయాలి. వెల్డింగ్ వేడికి ఫ్రేము మెలితిరుగుతుందేమోనన్నదే నా భయమంతా. బ్రాకెట్ రెండు మిల్లీమీటర్లు జరిగినా చక్రం కోణాలు మారిపోతాయి. కోయకముందే ఫ్రేమును మందపాటి ఇనుప దూలాలకు బిగించి, బ్రాకెట్ల రంధ్రాల గుండా వంపు లేని కడ్డీ దూర్చి ఉంచాలనుకుంటున్నాను. కొద్దికొద్దిగా, అటొకటి ఇటొకటి అతుకు వేస్తూ పోతాను. ఇది చాలుతుందా? మూలమట్టం కొలతలు ఏ బిందువుల మధ్య తీసుకుంటే నమ్మవచ్చు?

ఇంకొక సందేహం. విష్‌బోన్ కీళ్లలో ఉండే రబ్బరు బుష్‌ల (తొడుగుల) బోల్టులను కారు తన బరువుతో చక్రాల మీద నిలిచినప్పుడే పూర్తిగా బిగించాలి, లేకపోతే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. ఇంజిన్ లేని ఫ్రేము మీద ఇసుక బస్తాలు పెట్టి ఆ ఎత్తు తెచ్చినవారున్నారా? లేక ఇంజిన్ ఎక్కించేదాకా ఆగడమే మంచిదా? ఈ పని స్వయంగా చేసినవారు దయచేసి చెప్పండి. కోత యంత్రం పట్టుకునే ముందు మీ మాట వినాలని ఉంది.