11 అంగుళాల ట్యాబ్: 1920×1200 చాలా, 2560×1600కు ఇంకో ఆరు వేలు పెట్టాలా?

చిత్రావతి_గట్టు (అనంతపురం)
గ్రూప్-2 తెలుగు మీడియం మెటీరియల్ అంతా పీడీఎఫ్‌లే. కొన్ని టైపు చేసినవి, కొన్ని స్కాన్‌లు. పెన్నుతో పక్కన రాసుకోవాల, క్లాసు వీడియోలు చూడాల. సుభాష్ రోడ్డులో రెండు ట్యాబ్‌లు చూసినా. రెండూ 11 అంగుళాలే, చిప్పు ఒకటే, ర్యామ్ 6 జీబీ. స్క్రీన్‌లో పిక్సెళ్ల లెక్క ఒక్కటే తేడా, దానికి ఆరు వేలు. సిమ్ ఉండేది తీసుకోవాల్నా, వైఫై చాలునా అనేది కూడా చెప్పండన్నా.

బురుజుకాడ (కర్నూలు)
2560×1600 తీసుకో తమ్ముడూ, ఆలోచన వద్దు. లెక్క చూడు. 11 అంగుళాల 16:10 (పొడవు 16 పాళ్లు, వెడల్పు 10) ట్యాబ్‌ను నిలువుగా పట్టుకుంటే అడ్డం 5.8 అంగుళాలే. ఏ4 కాగితం 8.27. పేజీ 70 శాతానికి కుంచించుకపోతాది. 11 పాయింట్ల అక్షరం 7.7కు దిగుతాది. ఆ అక్షరానికి 1920×1200లో దొరికేది 22 పిక్సెళ్లు, 2560×1600లో 29. ఇంగ్లీషుకు 22 సరిపోతాయి. మనకు కింద వత్తు ఉంటాది కదా. దానికి ఒకదాంట్లో ఏడు, ఇంకోదాంట్లో పది పిక్సెళ్లు పడతాయి. ఏడు పిక్సెళ్లలో "ద్ద" ఏదో "ద్ధ" ఏదో తేలదు. "అర్థ"లో చుక్క పూడిపోయి "అర్ధ" అయితాది. గంటలకొద్దీ చదివేటోళ్లకు కళ్లు గుంజేది ఈడనే.

పాతపుస్తకం (కడప)
ఈ లెక్క టైపు చేసిన పీడీఎఫ్‌కే పనికొస్తుంది. టెలిగ్రామ్‌లో తిరిగే మెటీరియల్‌లో చాలావరకు జిరాక్సు షాపు స్కాన్‌లే. 150 డీపీఐ (అంగుళానికి 150 చుక్కలు) స్కాన్‌లో ఏ4 పేజీ అడ్డం 1240 పిక్సెళ్లు. 1200 పిక్సెళ్ల స్క్రీన్ దాన్ని దాదాపు పూర్తిగా చూపించేస్తుంది. 1600 స్క్రీన్ మీద పెడితే ఉన్నదాన్నే సాగదీస్తుంది. చుక్క స్కాన్‌లోనే పోయింటే ఏ స్క్రీనూ తిరిగి తేలేదు. అదే 300 డీపీఐ అయితే అడ్డం 2480 పిక్సెళ్లు, అప్పుడు మాత్రం పెద్ద స్క్రీన్ తేడా చూపిస్తుంది.

ముందు నీ ఫైళ్లు ఏ రకమో చూడు. 400 శాతం జూమ్ చెయ్యి. అక్షరం అంచు నున్నగా నిలబడితే టైపు చేసింది, మెట్లు మెట్లుగా, మసగ్గా అయితే స్కాన్. స్కాన్‌లే ఎక్కువుంటే ఆరు వేలు దండగ.

ఇంకోటి, మార్జిన్ కత్తిరించు. రీడ్‌ఎరా, లిబ్రెరా యాప్‌లు రెండిట్లోనూ ఆ సదుపాయం ఉంది. రెండు పక్కలా అంగుళం తీసేస్తే మిగిలేది 6.27 అంగుళాల అడ్డం. 70 శాతం కాస్తా 93 అవుతుంది. ట్యాబ్‌ను అడ్డంగా తిప్పితే స్క్రీన్ 9.3 అంగుళాలు, అక్షరం కాగితం మీదికంటే పెద్దగా కనపడుతుంది. పైసా ఖర్చు లేదు.

బురుజుకాడ (కర్నూలు)
అడ్డంగా తిప్పితే పట్టిక సగం పైన, సగం కింద. ఇండియా పాలిటీలో షెడ్యూళ్ల పట్టిక అట్ల చదివి గుర్తుపెట్టుకునేది యాడన్నా? ఆయన పక్కన రాసుకుంటానంటే మార్జిన్ కత్తిరించమంటివి. మరి యాడ రాయాల?

పాతపుస్తకం (కడప)
కత్తిరింపు చూపు వరకే, ఫైల్ మారదు. రాసేటప్పుడు తీసెయ్, చదివేటప్పుడు పెట్టు. ముందు వాడి చూసి మాట్లాడితే బాగుంటుంది.

బురుజుకాడ (కర్నూలు)
వాడకుండా మాట్లాడేటోళ్లం కాదు ఈడ. పేజీకోసారి ఆ మెనూలోకి పోయి వచ్చేటోడు ఎవడు?

పెన్నుగీత (ప్రొద్దుటూరు)
మీ ఇద్దరి కొట్లాటలో అసలు మాట పోయింది. చిప్పు ఒకటే అన్నాడు కదా! 1920×1200 అంటే 23 లక్షల పిక్సెళ్లు, 2560×1600 అంటే 41 లక్షలు. అదే చిప్పు 1.78 రెట్ల పని చెయ్యాలి. పేజీ తిప్పితే ఒక క్షణం తెల్లగా నిలబడుతుంది, పెన్ను ముందు పోతే గీత వెనకొస్తుంది. రాసేటోళ్లకు ఈ ఆలస్యం చుక్క కనపడకపోవడం కంటే ఎక్కువ చిరాకు. 2012లో ఆపిల్ మూడో ఐప్యాడ్‌కు 2048×1536 స్క్రీన్ పెట్టినప్పుడు గ్రాఫిక్స్ కోర్లు రెండు నుంచి నాలుగు చేసింది, బ్యాటరీ 25 వాట్ అవర్ల నుంచి 42.5కు పెంచింది. అంతా చేసి చెప్పుకుంది పాత పది గంటలే. స్క్రీన్ ఒక్కటే పెంచి మిగతాది అట్లనే ఉంచితే ఆ భారం ఎవరో ఒకరు మోయాల్సిందే, చిప్పో బ్యాటరీనో.

షాపులో చూడాల్సింది ఇదీ: నోట్స్ యాప్ తెరువు, పెన్నుతో బిరబిరా అడ్డగీతలు గీయి, గీత పెన్ను మొన నుంచి ఎంత దూరంలో వస్తాందో చూడు. తర్వాత 200 పేజీల స్కాన్ పీడీఎఫ్ తెరిచి వేలితో గబగబా తోయి.

దూరంలెక్క (నంద్యాల)
డిస్‌ప్లేల మీదనే పని చేసేవాణ్ణి కాబట్టి చెప్తాన్నా, చూసే దూరం చెప్పకుండా పిక్సెళ్ల మీద కొట్లాడుకోవడం వృథా. మామూలు 6/6 చూపు ఒక ఆర్క్ నిమిషం (డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) వరకు విడదీస్తుంది. 3438ని పీపీఐతో (అంగుళానికి ఎన్ని పిక్సెళ్లో ఆ లెక్క) భాగిస్తే ఎన్ని అంగుళాల అవతల పిక్సెల్ కనపడకుండా పోతుందో వస్తుంది. 11 అంగుళాల 1920×1200 అంటే 206 పీపీఐ, 42 సెంటీమీటర్లు. 2560×1600 అంటే 274, 32 సెంటీమీటర్లు. బల్ల మీద స్టాండు పెట్టి చదివేవాళ్లకు మొదటిది చాలు. చేతిలో పట్టుకొని, పడుకొని చదివితే దూరం 30కి వస్తుంది, అప్పుడు రెండోది.

బురుజుకాడ (కర్నూలు)
6/6 అనేది సగటుకు పెట్టిన గీత. ఇరవై ఏళ్ల కళ్లు దానికంటే సన్నంగా చూస్తాయి. డిస్‌ప్లే పనిలో ఉండేటోళ్లకు ఈ ముక్క తెలిసుండాల.

దూరంలెక్క (నంద్యాల)
తెలుసు. అందుకే మామూలు చూపు అన్నా. చదివి బదులివ్వండి.

రిపేరుబల్ల (అనంతపురం)
ఎవరూ ల్యామినేషన్ ఊసెత్తలేదు. గ్లాసుకూ ప్యానెల్‌కూ మధ్య గాలి సందు ఉంటే అక్షరం లోపల మునిగినట్ల ఉంటాది, పెన్ను మొన ఒకచోట, గీత ఇంకోచోట. పైన లైటు పడితే రెండు పొరలా మెరుస్తాది. ల్యామినేట్ చేసిన 1920×1200 పక్కన గాలి సందున్న 2560×1600 పెడితే కంటికి మొదటిదే హాయి. అయితే పగిలినప్పుడు గాలి సందు దాంట్లో టచ్ గ్లాసు ఒకటే మారుస్తే అయిపోతాది, ల్యామినేట్ చేసిందానికి కాంబో (గ్లాసు, ప్యానెల్ కలిపి) మొత్తం మార్చాల. ఆ ధర ముందే అడిగి పెట్టుకో.

ఇంకా ఒకటుంది. పెన్ను జారకుండా అని మ్యాట్ గార్డు అంటిస్తారు. ఆ గరుకు పొర పిక్సెళ్ల వెలుగును చెదరగొడతాది, తెల్ల పేజీ మీద ఇసుక చల్లినట్ల మెరుపులు వస్తాయి. 274 పీపీఐకి డబ్బు కట్టి దాని మీద మ్యాట్ అంటిస్తే కొన్న సన్నదనం పోయినట్లే. మామూలు గ్లాసే వేయించు.

తుంగభద్ర_తీరం (కర్నూలు)
వీడియోలకు రిజల్యూషన్ కాదు, వైడ్‌వైన్ ఎల్1 ఉందా చూడండి. వీడియో కాపీ కాకుండా వేసే తాళం (డీఆర్ఎం) అది, ఎల్1 పై మెట్టు, ఎల్3 కింది మెట్టు. ఎల్3 ఉంటే 2560 స్క్రీన్ మీద కూడా ఓటీటీలు 480పీకే ఆగిపోతాయి. డీఆర్ఎం ఇన్ఫో యాప్ వేసి చూస్తే తెలిసిపోతుంది.

పెన్నుగీత (ప్రొద్దుటూరు)
ఆయన అడిగింది క్లాసు వీడియోలు. యూట్యూబ్ ఉచిత వీడియోలకు ఎల్1తో పనిలేదు. 720పీలో తీసిన పాఠం రెండు స్క్రీన్ల మీదా సాగదీసిందే. ఏపీ ప్రభుత్వం 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకిచ్చినవి 8.7 అంగుళాల ట్యాబ్‌లు, వీడియో పాఠానికి ఆపాటి స్క్రీన్ చాలు.

తుంగభద్ర_తీరం (కర్నూలు)
డబ్బు కట్టిన కోచింగ్ యాప్‌లు కొన్ని డీఆర్ఎం పెడతాయి. అది తెలియకుండా "పనిలేదు" అని తేల్చేస్తే చదివేవాళ్లు మోసపోతారు. చేరబోయే యాప్‌లో నమూనా క్లాసు ఒకటి షాపులోనే ఆడించి చూడమనండి.

పొలంకొలత (కడప)
ఎఫ్‌ఎంబీ (పొలం సర్వే కొలతల పటం) నకలు ట్యాబ్‌లో చూసేవాళ్ల సంగతి వేరు. సర్వే నంబర్ల అంకెలు చీమల్లా ఉంటాయి, కానీ రెండు వేళ్లతో పెద్దది చేసుకుంటారు, 1920 చాలు. ఎండలో పొలం గట్టు మీద నిలబడితే కావాల్సింది వెలుతురు. 400 నిట్స్ (వెలుతురు కొలత) స్క్రీన్ మే నెల ఎండలో నల్ల అద్దమే. పైగా ట్యాబ్ వేడెక్కితే వెలుతురు తనంతట తానే తగ్గిపోతుంది.

చిత్రావతి_గట్టు (అనంతపురం)
ఫైళ్లు జూమ్ చేసి చూసినా. మూడొంతుల్లో రెండొంతులు టైపు చేసినవే, చదివేది మంచం మీద. పెన్ను గీత పరీక్ష, నమూనా క్లాసు రెండూ షాపులోనే చేయిస్తా. గీత వెనకబడకపోతే 2560, వెనకబడితే 1920. సిమ్ సంగతి ఎవరూ చెప్పలేదు.

పొలంకొలత (కడప)
చదువుకు ఫోన్ హాట్‌స్పాట్ చాలు, సిమ్‌కు పెట్టే డబ్బు పెన్నుకు పెట్టు. సిమ్ కావాల్సింది పొలాల్లో తిరిగేవాళ్లకు. అందులోనూ ఐప్యాడ్ తీసుకునేవాళ్లు గుర్తుపెట్టుకోండి, వైఫై మోడల్‌లో జీపీఎస్ ఉండదు, సిమ్ మోడల్‌లోనే ఉంటుంది. వైఫై ఆండ్రాయిడ్ ట్యాబ్ అయితే స్పెసిఫికేషన్‌లో జీపీఎస్ అని రాసుందో లేదో చూసుకొని కొనండి.