మాంసం మానేసిన మా అమ్మాయికి రక్తం పట్టాలంటే ఏం పెట్టాలి?

అందరికీ నమస్కారం. మేం హైదరాబాద్ మూసాపేటలో ఉంటాం. మా ఇంట్లో ఆదివారం కోడికూర లేకపోతే ముద్ద దిగదు. మా అమ్మాయికి 14 ఏళ్లు. పోయిన బోనాలప్పుడు మా ఇంటి ముందు రెండు రోజులు కట్టేసిన మేకపోతుకు తనే వేపకొమ్మలు వేసి మేపింది. మూడో రోజు పళ్లెంలో కూర చూసి లేచి వెళ్లిపోయింది. అప్పటినుంచి మాంసం ముట్టలేదు, గుడ్డు కూడా వద్దంటోంది.

ఈ మధ్య మెట్లెక్కితే ఆయాసపడుతోందని పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.8 వచ్చింది. ఈ వయసు ఆడపిల్లలకు 12 అయినా ఉండాలి కదా. బి12 కూడా తక్కువే. డాక్టర్ గారు మాత్రలు రాశారు, వేస్తున్నాం. మా అత్తగారేమో చెప్పకుండా మేక కార్జం పప్పులో కలిపి పెట్టేయమంటున్నారు. నాకు మాత్రం ఆ మోసం చేయడానికి మనసొప్పడం లేదు. ఒక్కసారి తెలిసిందంటే పిల్ల నా చేతి ముద్ద మళ్లీ నమ్ముతుందా?

తోటకూర పప్పు, శనగలు, నువ్వుల ఉండలు పెడుతున్నాను. ఇనుము ఒంటికి పట్టాలని నిమ్మకాయ పిండుతున్నాను, అన్నం తిన్న వెంటనే టీ మాన్పించాను. బి12 కూరగాయల్లో ఉండదట, పాలు పెరుగుల్లో ఉంటుందట. కానీ తను పాలు తాగదు, పెరుగు ఒక్కటే తింటుంది.

పిల్లలు మధ్యలో శాకాహారులైన తల్లులు ఎవరైనా ఉంటే చెప్పండి. స్కూలు డబ్బాలో ఏం పెట్టేవాళ్లు? గుడ్డు వరకైనా ఎలా ఒప్పించారు? చాలా టెన్షన్‌గా ఉంది.